మద్రాసుకు ఉత్తరాన ఉండే జెంటూలు

1817లో మద్రాసులో ఒక వ్యాకరణ పుస్తకం అచ్చయింది. రాసిన దొర విలియం బ్రౌన్. నిఘంటువు రాసిన మన సి.పి. బ్రౌన్ వేరు, ఈయన వేరు. సి.పి. బ్రౌన్ కుర్ర ఉద్యోగిగా మద్రాసులో ఓడ దిగింది సరిగ్గా ఆ ఏడాదే. పాతకాలపు ఇంగ్లీషు పుస్తకాల పేర్లు బారెడు ఉండేవి కదా, దీని పేరూ అంతే. తెలుగులో చెప్పుకుంటే, మద్రాసుకు ఉత్తరానా వాయవ్యానా నివసించే జెంటూ ప్రజలు అర్థం చేసుకుని మాట్లాడే జెంటూ భాషకు వ్యాకరణం.

మద్రాసు నుంచి ఉత్తరంగా బయలుదేరితే తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు, నెల్లూరు వస్తాయి. వాయవ్యంగా వెళితే శ్రీకాళహస్తి, వెంకటగిరి. అంటే ఆ పుస్తకం చెబుతున్న జెంటూ ప్రజలం మనమే. ఆ జెంటూ భాష మన తెలుగే.

ఇంచుమించు రెండు వందల ఏళ్ల పాటు ఇంగ్లీషు ఉత్తరాల్లో, లెక్కల పుస్తకాల్లో, యాత్రా గ్రంథాల్లో, చివరికి బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టంలో కూడా నిలిచిన మాట ఇది. ఇప్పుడు ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకు కూడా తెలియదు. మన తాతముత్తాతల ఊసు పాత దస్తావేజుల్లో ఎక్కువగా ఈ పేరు కిందే ఉంది కాబట్టి, ఈ మాట సంగతి మనం తెలుసుకోవాలి.

పోర్చుగీసు వారి ‘జెంతియో’

మాట పుట్టుక పోర్చుగీసు భాషలో ఉంది. లాటిన్ మూలం నుంచి వచ్చిన ‘జెంతియో’ అంటే పోర్చుగీసులో అన్యమతస్థుడు, క్రైస్తవం తెలియనివాడు అని అర్థం. 1498లో వాస్కోడగామా కాలికట్ చేరాక పోర్చుగీసువారు ఈ దేశపు జనాన్ని రెండే రెండు ముక్కలుగా చూశారు. ముస్లింలు ‘మౌరో’లు, మిగిలినవారంతా ‘జెంతియో’లు. తమ దేశంలో తాము పోరాడిన మూర్‌ల పేరే ఇక్కడి ముస్లింలకు పెట్టారు. మిగతావారికి బైబిలులోని అన్యుల పేరు తగిలించారు. ఈ నేల మీద ఎన్ని భాషలున్నాయి, ఎన్ని కులాలున్నాయి, ఎవరి దైవం ఎవరు అన్న విచారం ఆ పేర్లలో లేదు.

ఇంగ్లీషువారు ఆ మాటను మొదట తమ భాషలోని ‘జెంటైల్’గా రాసుకున్నారు. మచిలీపట్నం వర్తక స్థావరంలో పనిచేసి వెళ్లిన విలియం మెథ్‌వోల్డ్ గోల్కొండ రాజ్యం గురించి రాసిన వృత్తాంతం 1626లో లండన్‌లో అచ్చయింది. అందులో హిందువులు ‘జెంటైల్’లే. తర్వాతి తరం గుమాస్తాల కలాల్లో అది జెంట్యూ, జెంటూ అని రకరకాలుగా తిరిగి, 18వ శతాబ్దానికి ‘జెంటూ’గా కుదురుకుంది.

హిందువులందరికీ పెట్టిన పేరు తెలుగువారికి మాత్రమే ఎలా అతుక్కుంది? యూల్, బర్నెల్ కలిసి 1886లో తెచ్చిన ‘హాబ్సన్-జాబ్సన్’ అనే ఆంగ్లో-ఇండియన్ పదకోశం దీనికి ఒక కారణం చెబుతుంది. పోర్చుగీసువారు వచ్చేనాటికి దక్షిణాదిలో చాలా భాగం విజయనగరం ఏలుబడిలో ఉంది. ఆ రాజ్యాన్ని వాళ్లు తెలుగు రాజ్యంగా చూశారు. జెంతియోల రాజు అంటే విజయనగర రాజు, ఆయన మనుషులు జెంతియోలు, వారి భాష జెంతియోల భాష. నాకు ఈ వాదన సబబుగానే తోస్తుంది. విజయనగరం పడిపోయాక కూడా తమిళ తీరంలో పాలించిన నాయకులు, సైన్యాలు నడిపినవారు, రేవుల్లో పెద్ద బేరాలు చేసిన బేరి, కోమటి, బలిజ వర్తకులు చాలామంది తెలుగువారే. ఓడ దిగిన తెల్లవాడు మొదట మాట్లాడాల్సింది వాళ్లతోనే.

తమిళులకు మనం ‘వడుగులం’, అంటే ఉత్తరాదివాళ్లం. కన్యాకుమారి ప్రాంతంలో బెస్త పల్లెల మీదికి వచ్చిన విజయనగర సైన్యాన్ని 1540లలో సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ తన ఉత్తరాల్లో ‘బడగలు’ అని రాసిందీ ఆ మాటే. పొరుగువాడు పెట్టిన పేరులో దిక్కు ఉంది. సముద్రం మీద వచ్చినవాడు పెట్టిన పేరులో మతం ఉంది. మన వాళ్లు మాత్రం వచ్చినవారికి వాళ్ల దేశం పేరే ఇచ్చారు. హాలెండువారు వలందులు, ఫ్రెంచివారు పరాసులు. మచిలీపట్నంలో వలందపాలెం, ఫరాసుపేట, ఇంగ్లీషుపాలెం ఇప్పటికీ ఆ పేర్లతోనే ఉన్నాయి. ఎదుటివాడి మతాన్ని బట్టి కాకుండా దేశాన్ని బట్టి పేరు పెట్టడంలో ఒక మర్యాద ఉంది. అది మన తీరాన కనిపిస్తుంది.

ప్రళయకావేరి ఒడ్డున, దుగరాజపట్నం రేవులో

ఈ కథ నడిచిన చోట్లు మన గూడూరుకు దూరమైనవి కావు. దక్షిణాన ప్రళయకావేరి సరస్సు ముఖద్వారంలో ఉన్న పులికాట్‌లో డచ్చివారు 1610లో అడుగుపెట్టి, 1613లో గెల్డ్రియా కోట కట్టారు. అక్కడ 1630లలో మత గురువుగా పనిచేసిన అబ్రహాం రోజర్‌కు ఈ ‘అన్యుల’ మతం ఏమిటో నిజంగా తెలుసుకోవాలన్న కోరిక కలిగింది. పద్మనాభుడనే బ్రాహ్మణుడిని ఆశ్రయించాడు. ఇద్దరికీ ఉమ్మడిగా వచ్చిన భాష పోర్చుగీసు. డచ్చి పాదిరీ, ఈ తీరపు బ్రాహ్మణుడు కూర్చుని, మూడో దేశపు భాషలో వేదాల గురించి, ఆచారాల గురించి, భర్తృహరి గురించి మాట్లాడుకున్నారు. ఆ మాటల నుంచి పుట్టిన డచ్చి పుస్తకం 1651లో లైడెన్‌లో అచ్చయింది. భర్తృహరి సుభాషితాలు ఐరోపా భాషలోకి వెళ్లడం అదే మొదలు. విశేషమేమంటే ఆ పుస్తకం పేరులో కూడా ‘దాగి ఉన్న అన్యమతానికి తెరిచిన తలుపు’ అనే ఉంది. లోపల అంత ఓపికగా విని రాసినవాడు కూడా అట్ట మీద ఆ మాటను వదులుకోలేకపోయాడు.

ఇంగ్లీషువారి స్థావరం మనకు ఇంకా దగ్గర. గూడూరు నుంచి కోట, వాకాడు మీదుగా తూర్పుకు వెళితే సముద్రం ఒడ్డున దుర్గరాజపట్నం. మన నోట దుగరాజపట్నం. మచిలీపట్నంలో స్థానిక అధికారులతో పడక, పులికాట్‌లో డచ్చివారితో పొసగక, ఇంగ్లీషు వర్తకులు 1626లో ఇక్కడ మకాం పెట్టారు. స్థావరం చుట్టూ కోట కట్టి పన్నెండు ఫిరంగులు నిలబెట్టారు. భారతదేశంలో ఇంగ్లీషువారు కోట కట్టుకున్న తొలి చోటు ఇదేనని చరిత్రకారులు చెబుతారు. రేవుకు వాళ్లు పెట్టుకున్న పేరు ఆర్మగాన్. తమకు సాయం చేసిన ఆర్ముగ మొదలియారు పేరు మీద ఆ పేరు వచ్చిందని జిల్లా చరిత్రలు రాశాయి. ఇప్పుడు ఆ కోట లేదు. అక్కడి దీపస్తంభానికి మాత్రం ఆర్మగాన్ పేరు నిలిచింది.

ఆర్మగాన్‌కు చివరి రోజుల్లో పెద్దగా ఉన్నవాడు ఫ్రాన్సిస్ డే. ఇక్కడ కావలసినంత బట్ట, కావలసిన ధరకు దొరకడం లేదని దక్షిణంగా వెతుక్కుంటూ వెళ్లి, 1639 ఆగస్టులో మద్రాసపట్నం ఇసుక నేలకు కౌలు సంపాదించాడు. కౌలు ఇచ్చినవారు దామెర్ల వెంకటాద్రి నాయకుడు, తెలుగు నాయకుడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. డే పక్కన దుబాసిగా నిలిచిన బేరి తిమ్మన్న కూడా తెలుగువాడే. మరుసటి సంవత్సరం, 1640 ఫిబ్రవరిలో, ఆర్మగాన్ స్థావరాన్ని మూసి మూటాముల్లె ఓడలకెక్కించి ఇంగ్లీషువారు మద్రాసు చేరారు.

అంటే దుగరాజపట్నం రేవులో పధ్నాలుగేళ్లు తెలుగు నేతగాళ్లతో, తెలుగు దళారులతో బేరమాడినవాళ్లే మద్రాసుకు పునాది వేశారు. తెలుగువారికి జెంటూలన్న పేరు మద్రాసులో అంత తొందరగా పాదుకోవడానికి ఇదొక కారణమని నా నమ్మకం. అక్కడ తమిళం వాళ్లకు ‘మలబారు’ అయింది. పడమటి కోస్తాలో మొదట విన్న పేరును తెచ్చి తూర్పు కోస్తా భాషకు పెట్టారు. హిందుస్తానీ ‘మూర్స్’ అయింది. 1772లో హాడ్లీ రాసిన హిందుస్తానీ వ్యాకరణం అట్ట మీద కూడా ఆ పేరు ఉంది. మద్రాసులో నిత్యం వినిపించే మూడు భాషలకూ మూడు పొరపాటు పేర్లు.

అసలు పేరు తెలియక కాదు. 1673లో మచిలీపట్నంలో ఓడ దిగిన వైద్యుడు జాన్ ఫ్రయర్ తన యాత్రా గ్రంథంలో ఈ భాషను జెంటూ అంటారని రాస్తూనే, దాని సొంత పేరు తెలింగ అని కూడా రాశాడు. పుస్తకం 1698లో అచ్చయింది. నెల్లూరులో తిక్కన భారతం పదిహేను పర్వాలు రాసి అప్పటికే నాలుగు వందల ఏళ్లు. భాషకు పేరు, వ్యాకరణం, కావ్యాలు అన్నీ ఉన్నాయి. అడిగితే చెప్పేవారూ ఉన్నారు. కానీ కోఠీ గుమాస్తాలకు బట్టల లెక్క తప్పకుండా ఉంటే చాలు, భాష పేరుతో పనిలేదు.

కలకత్తాలో ఒక అర్థం, మద్రాసులో మరో అర్థం

18వ శతాబ్దంలో ఈ మాట ఇంగ్లీషు సాహిత్యంలో నిండుగా కనిపిస్తుంది. కర్ణాటక యుద్ధాల చరిత్ర రాసిన రాబర్ట్ ఓర్మ్ పేజీల్లో ఒకవైపు మూర్‌లు, ఇంకోవైపు జెంటూలు. హాల్‌వెల్ 1765 నుంచి ప్రకటించిన బెంగాలు వృత్తాంతంలో జెంటూల పురాణాలు, ఉపవాసాలు, పండుగలు. అయితే బెంగాలులో ఈ మాటకు హిందువు అనే అర్థం. మద్రాసులో తెలుగువాడు, తెలుగు భాష అనే అర్థం. ఒకే ఈస్టిండియా కంపెనీ, ఒకే మాట, రెండు రాజధానుల్లో రెండు అర్థాలు. పాత పుస్తకం చదివేటప్పుడు అది ఎక్కడ రాసిందో ముందు చూసుకోకపోతే ఇక్కడే తప్పుతాం.

బెంగాలు అర్థంలో అందరికంటే పేరుపడ్డ పుస్తకం నతానియల్ బ్రాసీ హాల్‌హెడ్ 1776లో లండన్‌లో ప్రచురించిన ‘జెంటూ చట్టాల స్మృతి’. బెంగాలు గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్ పదకొండు మంది పండితులను కూర్చోబెట్టి సంస్కృతంలో ఒక ధర్మశాస్త్ర సంకలనం చేయించాడు. దాన్ని పార్శీలోకి, పార్శీ నుంచి హాల్‌హెడ్ ఇంగ్లీషులోకి దించారు. రెండు భాషలు మారేసరికి మూలం ఎంత పలచబడిందో చూసి, న్యాయమూర్తి విలియం జోన్స్ సొంతంగా సంస్కృతం నేర్చుకోవడానికి పూనుకున్నాడు.

ఆ పుస్తకం ముందుమాటలో హాల్‌హెడ్ జెంటూ అన్న మాటకు వ్యుత్పత్తి చెప్పబోయాడు. తెలుగు చెవికి అది వెంటనే పట్టుబడుతుంది. సంస్కృతంలో ‘జంతు’ అంటే ప్రాణి, మనిషి. జనం నోట ఆ మాట తరచూ విని పోర్చుగీసువారు దాన్నే జాతి పేరనుకుని ఉంటారని ఆయన ఊహ. తమ మత పట్టుదల కొద్దీ అందులో ‘జెంటైల్’ను కూడా చూసి ఉంటారని అన్నాడు. ఊహ తప్పు. మాట పోర్చుగల్ నుంచే వచ్చింది. అయినా ఆ తప్పులో ఒక మంచి ఉంది. తాను అట్ట మీద వేసిన పేరు ఈ దేశస్థులు తమకు తాము పెట్టుకున్నది కాదని ఆయనకు తెలుసు. ఆ సంగతిని దాచకుండా చదువరికి చెప్పాడు. ఆ కాలానికి అది చిన్న విషయం కాదు.

1781లో పార్లమెంటు కలకత్తా సుప్రీంకోర్టు అధికారాలను సవరిస్తూ చేసిన చట్టంలో వారసత్వం, ఒప్పందాల వ్యాజ్యాలు ముస్లింలకు ముస్లిం ధర్మం ప్రకారం, జెంటూలకు జెంటూ ధర్మం ప్రకారం తీర్చాలని రాసింది. వర్తకుల వాడుక మాట అలా రాజముద్ర పడిన మాట అయింది. 1788లో హేస్టింగ్స్ మీద అభిశంసన విచారణ మొదలైనప్పుడు ఎడ్మండ్ బర్క్ ప్రసంగాల్లోనూ కంపెనీ చేతిలో నలిగిన జనానికి పేరు జెంటూలే. మరుసటి ఏడాది, 1789లో, ‘హార్ట్‌లీ హౌస్, కలకత్తా’ అనే నవల రచయిత పేరు లేకుండా వెలువడింది. రాసింది ఫీబీ గిబ్స్ అని తర్వాత తేల్చారు. సోఫియా అనే ఇంగ్లీషు యువతి కలకత్తా నుంచి తన స్నేహితురాలికి రాసే ఉత్తరాలే ఆ నవల. ఒక యువ బ్రాహ్మణుడి దగ్గర జెంటూ మతం సంగతులు తెలుసుకుని, ఆ అమ్మాయి దాని మీద మనసు పారేసుకుంటుంది. అన్యులు అని దూరం పెట్టడానికి పుట్టిన మాట, మూడు వందల ఏళ్లకు ఒక ఇంగ్లీషు నవలలో గౌరవంతో పలికే మాట అయింది. మాటల బతుకులో ఇలాంటి మలుపులు అరుదు.

ఒకే ఊళ్లో రెండు అట్టలు

మళ్లీ మద్రాసుకు వద్దాం. విలియం బ్రౌన్ జెంటూ వ్యాకరణం కంటే ఒక్క ఏడాది ముందు, 1816లో, అదే ఊళ్లో ఇంకో వ్యాకరణం అచ్చయింది. రాసింది ఎ.డి. కాంబెల్, సెయింట్ జార్జి కోట కళాశాల పాలకమండలి కార్యదర్శి. అట్ట మీద ఆయన వేసిన పేరు తెలుగు భాషా వ్యాకరణం. ‘సామాన్యంగా జెంటూ అనబడేది’ అని పక్కన చిన్న వివరణ. అసలు పేరు ముందుకొచ్చి, తగిలించిన పేరు పక్కకు జరిగింది.

ఆ మార్పు వెనక మన పండితులున్నారు. కాంబెల్ పుస్తకానికి మద్రాసులోని కంపెనీ అధికారి ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ ఒక ఉపోద్ఘాత వ్యాసం జోడించాడు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టిందన్న నాటి అభిప్రాయాన్ని ఆయన అందులో ఖండించాడు. తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబానివని ధాతువులు పక్కపక్కన పెట్టి చూపించాడు. కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల వ్యాకరణం రావడానికి అప్పటికి ఇంకా 40 ఏళ్లుంది. ఎల్లిస్‌కు తెలుగు ధాతువుల పట్టిక కూర్చిపెట్టింది కళాశాల పండితుడు పట్టాభిరామశాస్త్రి. తత్సమ, తద్భవ, దేశ్య పదాల విభజనకు ఎల్లిస్ ఆధారంగా చూపింది మచిలీపట్నం వర్తక పండితుడు మామిడి వెంకయ్య ‘ఆంధ్రదీపిక’. తద్భవం ఏది, అచ్చ తెలుగు ఏది అని మన వ్యాకర్తలు శతాబ్దాలుగా చెబుతున్న సంగతిని ఒక దొర శ్రద్ధగా చదివేసరికి కొత్త శాస్త్రానికి దారి పడింది. భాషను అంత దగ్గరగా చూసినవాడికి దాన్ని ‘అన్యుల మాట’ అనడం సాధ్యం కాదు.

అందుకే 1817 నాటి విలియం బ్రౌన్ అట్ట నాకు సాయంకాలపు నీడలా కనిపిస్తుంది, పొడుగ్గానే ఉన్నా ఆఖరి ఘడియల్లో ఉంది. మరుసటి ఏడాది 1818లో ఆయనే ఒక జెంటూ–ఇంగ్లీషు పదకోశం కూడా వేశాడు. ఆ తర్వాత ఆ పేరుతో చెప్పుకోదగ్గ పుస్తకాలు రాలేదు. సి.పి. బ్రౌన్ 1840లో వ్యాకరణం, 1852లో నిఘంటువు అచ్చువేసే నాటికి అట్టల మీద తెలుగు తెలుగుగానే ఉంది.

ఇంగ్లీషులో ఆ మాట ఇప్పుడు ఒక పక్షికి మిగిలింది. దక్షిణ ధ్రువం వైపు దీవుల్లో ఉండే ఒక జాతి పెంగ్విన్‌ను జెంటూ పెంగ్విన్ అంటారు. దాని తల మీద అడ్డంగా ఉండే తెల్లని పట్టీ తలపాగాలా ఉందని ఓడవాళ్లు ఆ పేరు పెట్టారన్నది ఒక అభిప్రాయం. నీళ్లలో అన్ని పెంగ్విన్‌ల కంటే వేగంగా ఈదేది అదే కాబట్టి, ఆ పేరును ఒక కంప్యూటర్ వ్యవస్థ ‘జెంటూ లినక్స్’ తీసుకుంది. హైదరాబాదులో, అమెరికాలో దాన్ని వాడే తెలుగు ఇంజినీర్లు ఒకప్పుడు తమ భాషకే ఉన్న పేరును రోజూ తెర మీద చూస్తున్నారు.

పక్షి సంగతి అలా ఉంచి, అసలు పని చెబుతాను. గూడూరు, వెంకటగిరి, నెల్లూరు తీరాల పాత చరిత్ర వెతికే విద్యార్థులు, అధ్యాపకులు కంపెనీ రికార్డుల సూచికల్లో తెలుగు అన్న పేరు కింద మాత్రమే చూసి ఊరుకోవద్దు. 17, 18 శతాబ్దాల కాగితాల్లో తెలుగు వర్తకులు, దుబాసీలు, నేతగాళ్లు, తెలుగులో వచ్చిన అర్జీలు చాలావరకు జెంటూ కింద ఉంటాయి. దాన్ని జి, ఇ, ఎన్, టి, ఓ, ఓ అని రాశారు. ఇంకా పాతవాటిలో చివరి అక్షరాలు యు, ఇ అని, ఒక్కోచోట ఉత్త యు అని ఉంటాయి. దుగరాజపట్నం కోసం ఆర్మగాన్ కింద వెతకాలి. చెన్నైలో తమిళనాడు ప్రభుత్వ పురాభిలేఖాగారంలోనూ, లండన్ బ్రిటిష్ లైబ్రరీలోనూ మద్రాసు కంపెనీ కాగితాలు భద్రంగా ఉన్నాయి. కోట కాలపు మద్రాసు దినచర్యలు చాలా సంపుటాలుగా అచ్చయ్యాయి కూడా. గూడూరులో రైలెక్కితే చెన్నై మూడు గంటల దారి. ఈ ప్రాంతపు కళాశాలల్లో చరిత్ర చెప్పేవారు ఏడాదికి ఇద్దరు విద్యార్థులనైనా ఆ కాగితాల ముందు కూర్చోబెట్టాలని నా విన్నపం.